రైలుకట్ట అవతలి అద్దె ఇల్లు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. మా నాన్న పల్లెల్లో తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి. పోయినవాళ్ళు దేవుడి దగ్గర నెమ్మదిగా ఉంటారు, వాళ్ళకి మన పాడుబావులతో పనేముంది అని నవ్వేవాడు. నేను ట్రైనింగు పాసైన టీచరుని. నేను పెళ్ళాడింది ఆసుపత్రి కాంపౌండరుని. మా ఇంట్లో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు థర్మామీటరు పెట్టి చూసేవాళ్ళం.

అలాంటి ఇంట్లో జరిగిన సంగతి ఇది. నమ్మమని ఎవర్నీ అడగను. నాకు తెలిసినంత మటుకు, కలిపింది లేకుండా చెబుతాను.

అరవైల మొదట్లో మాట. మేము అప్పుడు అల్లూరులో ఉన్నాం. మా ఆయన దేవదానం అక్కడి ఆసుపత్రిలో పనిచేసేవారు. మాకు ఒక్కతే బిడ్డ, కరుణ. దానికి రెండో ఏట జ్వరం వచ్చి, తగ్గేసరికి కుడికాలు పడిపోయింది. పోలియో. మద్రాసు తీసుకుపోయి చూపిస్తే, బూటుకు రెండు పక్కలా ఇనుప కడ్డీలు పెట్టి, మోకాలి మీద తోలుపట్టీతో బిగించేట్టు ఒకటి చేసిచ్చారు. అది వేసుకుని నడిస్తే టక్కు టక్కుమని చప్పుడు. నేను వంటింట్లో ఉన్నా సరే, ఆ చప్పుడును బట్టి పిల్ల ఏ గదిలో ఉందో తెలిసేది.

ఊళ్ళో బడికి పంపితే పిల్లలు దాన్ని 'కడ్డీ' అని పిలిచారు. కొన్నాళ్ళకే మానేసింది. ఇంట్లో నేనే చెప్పాను. లెక్కలు గబగబా పట్టేసేది. కానీ దానికి నా చదువు కాదు కావలసింది, పక్కన కూర్చునే ఇంకో పిల్ల. "అమ్మా, నా పలక ఎవురు చూసి రాసుకుంటారు?" అని అడిగింది ఒకరోజు. ఆ మాటకి మా ఆయన తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయారు. నెల్లూరులో ఇల్లు తీసుకుందామని ఆ రాత్రే అనుకున్నాం. మేమిద్దరం పిల్లతో అక్కడుంటాం, ఆయన రోజూ బస్సులో అల్లూరు వచ్చి పోతారు.

ఆ ఎండాకాలం సగం ఇళ్ళు చూడటంతోనే సరిపోయింది. సముద్రం పక్క ఊళ్ళనుంచి పిల్లల చదువుల కోసం నెల్లూరు చేరే కుటుంబాలు అప్పటికే ఎక్కువయ్యాయి. ఊరి మధ్యలో వాటాలు దొరకడం కష్టం. దొరికినా చీకటి గదులు, నాలుగు కుటుంబాలకి ఒకే బావి. మేడ మీద వాటా అంటే మాకు పనికిరాదు, పిల్ల మెట్లెక్కలేదు. ఒక ఇల్లు అన్నివిధాలా బాగుందనుకునేలోపు యజమాని "మీరేమిట్లు?" అని కులం అడిగేవాడు. క్రైస్తవులమని చెప్పగానే, నిన్ననే వేరేవాళ్ళకి మాటిచ్చామని గుర్తొచ్చేది. మా ఆయన నవ్వుతూ నమస్కారం పెట్టి బయటికొచ్చేవారు. వీధి మలుపు తిరిగాక ఆ నవ్వు ఉండేది కాదు.

అసలు ఇంటికంటే ముందు బడి కుదరాలి. అదీ కుదరలేదు. ఒక బడిలో తరగతులు మేడ మీద అన్నారు. ఇంకోచోట హెడ్మిస్ట్రెస్ పిల్లని చూడకుండా దాని బూటు వంకే చూస్తూ, "పిల్లలు తోసుకుంటారమ్మా, పడితే ఎవరు జవాబు చెప్పాలి?" అంది. కరుణ అన్నీ వింటూనే ఉంది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు, "ఆమెకి కాళ్ళు నొప్పులమ్మా. కుర్చీలోంచి లేచేటప్పుడు చూడలా నువ్వు?" అంది. ఎదుటివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం దానికి చేతకాదు.

చివరికి రైలుకట్ట అవతల ఒక ఆడపిల్లల బడి ఉందని తెలిసి వెళ్ళాం. వరిపొలాలు పూడ్చి ప్లాట్లు వేస్తున్న కొత్త పేట అది. ఇంకా రోడ్డు కూడా సరిగా పడలేదు. అక్కడి పెద్దటీచరు బక్కపలచటి మనిషి, మాటలో కరుకుదనం. కరుణ చేత ఒక పాఠం చదివించింది. లెక్క చేయించింది. తర్వాత నాతో కాకుండా దానితోనే మాట్లాడింది.

"చేర్చుకుంటాను. కానీ మీ అమ్మ ఎత్తుకుని తెచ్చి దించితే ఒప్పుకోను. నీకై నువ్వు నడిచి రావాలి. రాగలవా?"

"వస్తాను టీచర్" అంది కరుణ.

అప్పట్నుంచి మాకు కావలసింది ఒకటే, ఆ బడికి దగ్గరగా ఇల్లు. ఆ పేటలో అప్పటికి కట్టిన ఇళ్ళే తక్కువ. అందులో అద్దెకిచ్చేవి మరీ తక్కువ. బడి తలుపులు తెరిచే రోజు దగ్గరపడేకొద్దీ అందరూ అటే వస్తున్నారు. అలా తిరుగుతుంటే రమణమ్మ అవ్వ ఇల్లు కనబడింది. పిల్లాపాపా లేని మనిషి. భర్త పోయాక కోవూరు దగ్గరున్న పొలం అమ్మి ఆ పెంకుటిల్లు కట్టించుకుంది. తాను వెనక గదిలో ఉంటూ ముందు భాగం అద్దెకిస్తానంది. మా ఆయన ఈసారి ఆమె అడగకముందే మేం క్రైస్తవులమని చెప్పేశారు.

అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ తలెత్తకుండానే, "అయితే ఏంది అబ్బయ్యా? బావి చుట్టూ బురద చెయ్యకుంటే చాలు" అంది.

ఆ పేటలో చాలా బావులు ఉప్పు నీళ్ళవి. అవ్వ ఇంటి బావి మంచినీళ్ళది. గుమ్మానికి ఒకటే మెట్టు. ముందు గదికి రోడ్డు వైపు కిటికీ. కరుణ ఇల్లంతా టక్కు టక్కుమంటూ తిరిగి, కిటికీ దగ్గర నిలబడి, "ఇదే మనిల్లు" అంది.

ఆ రోజే ఇంటినుంచి బడిదాకా నడిచి చూశాం. నేను పక్కన నడిచానే కాని చెయ్యి పట్టుకోలేదు. సపోటా తోట కంచె దాటి, కాలవ మీద చిన్న కల్వర్టు దాటి, ఇస్త్రీ బండి దగ్గర మలుపు తిరిగితే బడి. కరుణ కంచె దగ్గర కూర్చుంది. కల్వర్టు గోడ మీద కూర్చుంది. బడి గేటు కనబడుతుండగా మళ్ళీ కూర్చుంది. చెమటతో ముఖమంతా తడిసిపోయింది. తిరిగొచ్చాక అవ్వ మజ్జిగ ఇచ్చింది. "తల్లీ, కాస్త కాస్తగా అలవాటు చేసుకుందువులే" అంది. "బడి తెరిచేలోపు కూర్చోకుండా నడుస్తా అవ్వా, చూడు" అంది ఇది. మేం అడ్వాన్సు ఇచ్చి, సామాను తర్వాత తెచ్చుకుంటామని చెప్పి అల్లూరు వచ్చేశాం.

ఆ తర్వాత కరుణ మళ్ళీ నెల్లూరు చూడలేదు.

గొంతునొప్పి అంది. మామూలు జలుబనుకున్నాం. పొద్దునకల్లా మెడ వాచి, ఊపిరి ఈలలా రావడం మొదలైంది. డాక్టరు చూసి కంఠసర్పి, అంటే డిఫ్తీరియా అన్నాడు. మందు నెల్లూరులోనే ఉంటుందన్నాడు. మా ఆయన పిల్లని భుజాన వేసుకుని బస్సెక్కారు, వెనక నేను. ఇల్లు చూసుకోవడానికి మేం ఎన్నోసార్లు పోయిన బస్సే అది. కండక్టరు మమ్మల్ని గుర్తుపట్టి ముందు సీటు ఖాళీ చేయించాడు, ఎక్కడా ఆపొద్దని డ్రైవరుకి చెప్పాడు. అయినా కోవూరు దాటేలోపే ఆయన భుజం మీద ఆ ఈల ఆగిపోయింది. ఆయనకి తెలిసింది. నాతో చెప్పలేదు. పెన్న వంతెన దాటేదాకా దాని వీపు నిమురుతూనే ఉన్నారు.

అల్లూరు సమాధుల తోటలో పెట్టాం. బూటు తీసి పెట్టాలా, తొడిగి పెట్టాలా అని ఎవరో అడిగారు. "తీసెయ్యండి" అన్నాను. "అక్కడ దానికి అక్కర్లేదు." ఆ మాట ఎట్లా అన్నానో నాకే తెలియదు.

కొన్నాళ్ళు గడిచాక, ఇల్లు ఇక మాకొద్దని అవ్వతో చెప్పిరావాలి అన్నారు ఆయన. తాను పోలేనన్నారు. నేనే బయల్దేరాను. రోహిణి కార్తె ఎండ. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని, స్టాండు నుంచి నడిచి అవ్వ ఇంటికి పోయేసరికి ఆమె ముంగిట్లో నీళ్ళు చల్లుతోంది. నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది.

"ఇప్పుడొస్తివా? బిడ్డ ఇప్పుడే పొయ్యిందే" అంది.

"ఏ బిడ్డ అవ్వా?"

"ఏ బిడ్డేందమ్మా? కరుణ. పొద్దన్నే వస్తా ఉండాది గదా నడక నేర్చుకోను. ఎవురింట్లో దిగుండారు మీరు? బిడ్డనడిగితే నవ్వుతాది గాని చెప్పదు. అది సరే, ఏం వైద్యం చేపిచ్చినారమ్మా ఆ కాలికి? కడ్డీలు లేవు, కుంటు లేదు. జింకపిల్ల మాదిరి పోతా ఉంటే చూస్తా నిలబడిపోయినా."

నేను మెట్టు మీద కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని అవ్వ మజ్జిగ తెచ్చింది. నాకు తెలుసు, ఆ క్షణంలో నిజం చెప్పాలి. నోరు తెరిచాను. కానీ వచ్చిన మాట వేరు.

"ఏం గౌను వేసుకుంది అవ్వా?"

"గౌనెవురు చూసినారు? నేను దాని కాలు చూసుకుంటా ఉన్నా" అంది అవ్వ.

ఎవరో వేరే పిల్లని చూసి పొరపడిందనుకున్నాను. ఆ పేటలో ఉన్న ఇళ్ళన్నీ తిరిగాను. ఆ ఈడు ఆడపిల్ల ఒక ఇంట్లో ఉంది కాని, వాళ్ళు సెలవలకి ఊరెళ్ళారు, ఇంటికి తాళం పెట్టి ఉంది. ఇస్త్రీ బండి అతన్ని అడిగాను. "పొద్దన పూట ఒక బిడ్డ పోతా ఉంటాది గాని, ఎవురి బిడ్డో నాకేం తెలుస్తాదమ్మా?" అన్నాడు. బడి అప్పటికి సెలవల్లోనే ఉంది.

అవ్వ కళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఆమెకి సూదిలో దారం ఎక్కించడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఇల్లు వద్దని చెప్పకుండానే తిరిగొచ్చాను. ఆయన అడిగితే, అవ్వ ఊళ్ళో లేదని చెప్పాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

అలా రోజూ వెళ్ళడం మొదలైంది. నేను వెళ్ళేసరికి బిడ్డ ఎప్పుడూ 'ఇప్పుడే' వెళ్ళిపోయి ఉండేది. అవ్వ ఏ రోజుకారోజు చెప్పేది. ఈపొద్దు కంచె దగ్గర కూర్చోలేదు. ఈపొద్దు కల్వర్టు మీద ఊరికే చెయ్యి ఆనించి పొయ్యింది. మజ్జిగ ఇస్తే వద్దంది, నడిచే ముందు తాగితే డొక్కలో పోటు వస్తుందని అమ్మ చెప్పిందంట. ఆ మాట అల్లూరులో మా పెరట్లో నేను చెప్పిన మాటే. అవ్వ ముందు ఎప్పుడూ అనలేదు.

ఒకరోజు అవ్వ, "మీ పిల్లి పిల్లల్ని పెట్టినాదంట గదా అటక మీద. ఒకదానికి తోక మొండంట" అంది. మా ఇంటి పిల్లి కడుపుతో ఉండేది నిజమే. కరుణ పోయినప్పటి నుంచి దాని ముఖం ఎవరు చూశారు? సాయంత్రం ఇంటికి రాగానే ఆయన్ని అటక ఎక్కమన్నాను. పాత బుట్టలో కళ్ళు తెరవని కూనలు ఉన్నాయి. "ఒకదానికి తోక మొండిగా ఉందా?" అని కిందినుంచి అడిగాను. ఆయన నిచ్చెన మీదినుంచే నా వైపు చూశారు. ఉందన్నారు.

"నీకెట్లా తెలుసు సుగుణా?"

చెప్పలేదు. ఆయనకి చెబితే జ్వరం చూస్తారు, మందు ఇస్తారు, వెళ్ళనివ్వరు.

కరుణని చూడాలని ఒకసారి అవ్వ దగ్గరే రాత్రి ఉండిపోయాను. చుట్టాలింట్లో ఉన్నాననుకునేట్టు ఆయనకి కబురు పెట్టాను. తెల్లవారకముందే లేచి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎండ గుమ్మంలోకొచ్చింది. రోడ్డు మీద పాలవాడు పోయాడు, ఇటుకల బండ్లు పోయాయి. ఎవరూ రాలేదు. "ఈపొద్దెందుకో రాలా. అమ్మ ఉండాదని సిగ్గేమో" అంది అవ్వ.

నేనుంటే అది రాదని అర్థమైంది. ఆ తర్వాత నుంచి మొదటి బస్సులో వచ్చినా కోవూరులో దిగిపోయి, బస్టాండు బల్ల మీద కూర్చునేదాన్ని. దాని నడక పూర్తయ్యేదాకా అక్కడే ఉండి, తర్వాత ఇంకో బస్సెక్కి వెళ్ళేదాన్ని. నా బిడ్డ నడవాలంటే నేను దూరంగా ఉండాలి. సరే అనుకున్నాను. చెప్పేవాళ్ళున్నారు, అది చాలు అనుకున్నాను. ఇంట్లో మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టాను. జడ వేసుకున్నాను. ఒకసారి వంటింట్లో పాట పాడుకుంటున్నానట, ఆయన తర్వాత చెప్పారు. అది విని ఆయనకి భయం వేసిందట.

ఆ భయంతోనే ఒకరోజు నా వెనకే మరో బస్సులో వచ్చారు. కోవూరులో నన్ను బల్ల మీద చూసి, కనబడకుండా ఉండి, నా వెంటే పేటకి చేరారు. నేను అవ్వ గుమ్మంలో నిలబడి, "వచ్చిందా అవ్వా?" అని అడుగుతుంటే ఆయన గేటు దగ్గర ఉన్నారు.

"వచ్చి పొయ్యిందిలే" అంది అవ్వ.

"ఎవరు వచ్చి పోయింది?" అన్నారు ఆయన వెనకనుంచి.

అవ్వ ఆయన్ని చూసి సంబరపడింది. "రా అబ్బయ్యా! నీ కూతురే. ఇంకెవురొస్తారు పొద్దన్నే?"

ఆయన ముఖంలో కోపం లేదు. ఆయన నా వైపే చూస్తున్నారు. నేను వద్దని తల ఊపాను. చేతులు జోడించాను కూడా. ఆయన అవ్వ ముందు కింద కూర్చున్నారు.

"అవ్వా, మా బిడ్డ లేదు. చనిపోయింది. అల్లూరులో నా చేతుల్తో మట్టేసినాను. ఈమెకి అట్టాంటి మాటలు చెప్పబాకు. నాకు ఈమె ఒక్కతే మిగిలింది."

అవ్వ నా వైపు తిరిగింది. నన్నే అడిగింది. "నిజమామ్మా?"

నేను అవునన్నాను. కరుణ పోయిందని నా నోటితో అనడం అదే మొదటిసారి.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వెనక గదిలోనుంచి వచ్చినంత ఏడుపు, నా బిడ్డ పోయినప్పుడు మా సొంతవాళ్ళు కూడా ఏడవలేదు.

మర్నాడు అవ్వకి ఎవరూ కనబడలేదు. ఆ మర్నాడూ లేదు. అంతే, మళ్ళీ ఎప్పుడూ కనబడలేదు.

నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయన మంచికే చేశారని అందరూ అన్నారు. నాకూ తెలుసు. కానీ అన్నం వడ్డించేటప్పుడు ఆయన చేతిని చూస్తే, ఆ చెయ్యి నా బిడ్డని ఆ రోడ్డు మీదినుంచి తోలేసినట్టుండేది. ఒకసారి అనేశాను కూడా. "రెండుసార్లు పోగొట్టుకున్నాను దాన్ని. రెండోది మీ వల్ల."

ఇల్లు మాత్రం వదలనన్నాను. ఆయన ఒప్పుకున్నారు. సామాను తెచ్చుకుని అవ్వ ఇంట్లో దిగాం, ముగ్గురం ఉండాల్సిన చోట ఇద్దరం. తర్వాత ఆ పెద్దటీచరే నన్ను బడిలో ఖాళీ ఉందని పిలిచి పనిలో పెట్టుకుంది. రోజూ ఆ దారినే నడిచి బడికి పోయేదాన్ని. ఆయన అల్లూరు బస్సుకు పోయేముందు, ఎంత ఆలస్యమైనా, కాసేపు వరండాలో కూర్చుని రోడ్డు వంక చూసేవారు. ఎందుకని నేను అడగలేదు. మేమిద్దరం మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవడానికి చాలా కాలం పట్టింది. మాట్లాడుకున్నా, కరుణ పేరు ఆయన నోట రాలేదు.

ఆ పేటలో ఇళ్ళు పెరిగాయి. రోడ్డు పడింది. సపోటా తోట కొట్టేసి ప్లాట్లు వేశారు. ఇళ్ళ కోసం వచ్చినవాళ్ళు బడి ఎలా ఉంటుందని నన్నే అడిగేవాళ్ళు. మంచి బడే అని చెప్పేదాన్ని.

అరవైలు చివరికొచ్చేసరికి అవ్వ మంచం పట్టింది. మా ఆయనే సూది వేసేవారు, మేమే గంజి పట్టేవాళ్ళం. ఒక మధ్యాహ్నం, ఇక ఎన్నాళ్ళో ఉండదని తెలిసిపోయింది. ఆయన నాడి చూస్తుంటే అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది.

"అబ్బయ్యా, ఒక మాట లోపల పెట్టుకోనుండా. నువ్వు చెప్పబట్టి బిడ్డ రాకుండా పోలా. నువ్వొచ్చిన దానికి ముందురోజే చెప్పింది నాతో. 'రేపట్నించి రానవ్వా, నడక వచ్చేసింది నాకు, యాడా కూర్చోకుండా పొయినా' అనింది. నవ్వుకుంటా పొయ్యింది."

ఆయన చేతిలో అవ్వ చెయ్యి అలాగే ఉంది. నేనే అడిగాను.

"మరి నాతో ఎందుకు చెప్పలేదవ్వా ఇన్నేళ్ళు?"

"నువ్వు రోజూ వచ్చి అడుగుతుంటివే, వచ్చిందా వచ్చిందా అని. ఇంక రాదని ఏ నోటితో చెప్పేదమ్మా?"

ఆయన లేచి బావి దగ్గరికి వెళ్ళారు. చాలాసేపటి దాకా రాలేదు. నేను వెళ్ళి చూస్తే, బావి చపటా మీద కూర్చుని "కరుణా, కరుణా" అని ఏడుస్తున్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఏళ్ళ క్రితం బస్సులో చెయ్యాల్సిన పని అది.

అవ్వ ఆ వారంలోనే పోయింది. ఆయన ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు బతికారు. పొద్దున వరండాలో కూర్చోవడం మానేశారు. రాత్రి నిద్రపోయేవారు.

కానీ నేను లెక్కలు చెప్పే టీచరుని. ఈ లెక్క నాకు కుదరదు. ఆయన గేటు దగ్గర నిలబడి విన్న రోజున, "వచ్చి పొయ్యిందిలే" అంది అవ్వ. ముందురోజే సెలవు చెప్పి వెళ్ళిన బిడ్డ ఆ రోజు ఎలా వచ్చింది? నన్ను చూసి జాలిపడి ఆ రోజు అబద్ధం చెప్పిందా? లేక ఆయన్ని చూసి జాలిపడి, పోయేముందు చెప్పిందా? రెంటిలో ఒకటి అబద్ధం. ఏదో నాకు తెలియదు. ఆ ముందురోజు అవ్వ ముఖం ఎలా ఉందో గుర్తు చేసుకోవాలని ఎన్నోసార్లు చూశాను. గుర్తు రాదు.

మొదట్నుంచీ అంతా అవ్వ కల్పించిందే అనుకుందామంటే, పిల్లి కూనల సంగతి ఎవరు చెప్పారు? డొక్కలో పోటు మాట ఎవరు చెప్పారు? ఇస్త్రీ అతను చూసింది ఎవర్ని? నిజమే అనుకుందామంటే, మా నాన్న చెప్పిన వాక్యం ఏమవుతుంది? ఇన్నేళ్ళ ప్రార్థనలో నేను దేవుణ్ణి ఈ ఒక్క సంగతి అడిగాను. జవాబు రాలేదు.

అవ్వకి కనబడింది. ఇస్త్రీ బండి అతనికి కనబడింది. నా బిడ్డ ఎక్కడా కూర్చోకుండా బడిదాకా నడవడం నేను మాత్రం చూడలేదు.